చిన్నతల్లి పళ్ళు

బిలాస్‌పూర్,
12 జూన్ 2023

సూర్యం అన్నయ్యకి,

చెల్లెలు చిన్నతల్లి రాసేది. నేనూ స్వాతీ బాగానే ఉన్నాం. నువ్వూ వదినా బాగున్నారని వదిన పంపే ఫొటోల్లో కనిపిస్తూనే ఉంది కాబట్టి ఆ ముక్క అడగను.

మొన్న ఆదివారం వీడియో కాల్ మధ్యలో ఫోను వదిన చేతిలో పెట్టి లేచి వెళ్ళిపోయావు. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. ముందు పళ్ళు రాలిపోయాక నా మొహం ఎలా తయారైందో నాకు తెలుసు, మా ఇంట్లోనూ అద్దం ఉంది. అందుకే కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడాను. అయినా నువ్వు చూడలేకపోయావు. పరాయివాళ్ళు మొహం తిప్పుకుంటే నేను లెక్కచెయ్యను. బుధవారీ బజార్లో కూరగాయలావిడ నా మాట అర్థంకాక "క్యా బోలీ అమ్మా?" అంటే, బెండకాయలు వేలితో చూపించి తెచ్చుకుంటాను. నువ్వు తిప్పుకున్నావు చూడు, అదే మింగుడుపడటం లేదు.

చిగుళ్ళు వదులై ఒక్కొక్కటే రాలిన పళ్ళకి నేనేం చెయ్యను? కూతురు కదా, చూడలేక స్వాతి కిందటేడు కట్టుడుపళ్ళు చేయించింది. అవి నోట్లో నిలవవు. కోపంగా ఒక మాట అందామంటే ముందు అవే బయటికొస్తాయి. ఆ కాల్ ముందురోజే విసుగెత్తి తీసి గిన్నెలో పడేశాను.

ఇకమీదట ఉత్తరాలే రాసుకుందాం. నీకా వినబడదు, నాకా మాట తిరగదు. మనిద్దరికీ ఫోను దండగ.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. అర్పా నదిలో ఇసక తప్ప ఏమీ లేదు. మనం పుట్టిపెరిగిన రైల్వే క్వార్టర్ల వరస కూల్చేశారు. ఆ దారిన వెళ్ళడం మానేశాను.

నీ చెల్లెలు,
బోసినోటి చిన్నతల్లి

*

పార్వతీపురం,
25 జూన్ 2023

చిన్నతల్లీ,

నీ ఉత్తరం మీ వదినకి చూపించలేదు. చూపిస్తే నన్ను బతకనిచ్చేది కాదు.

పిచ్చిదానా, నీ మొహం చూడలేక లేచిపోయానా నేను? డీజిల్ షెడ్డులో ఇంజన్ల మోత నా చెవుల్ని తినేసి ఎన్నేళ్ళయింది! చెవికి మిషను పెట్టుకుంటే పక్కింటి మిక్సీ వినబడుతుంది గానీ మనిషి మాట వినబడదు. నేను మాటని కళ్ళతో చూసి తెలుసుకుంటాను, నీకు తెలియనిదా? అందరి మాటా అలా తెలియదు. మీ వదినది సగం తెలుస్తుంది, ఆ సగం చాలని నేనూ ఊరుకుంటాను. డాక్టర్లది అసలు తెలియదు. నీది మాత్రం ఒక్క ముక్క పోకుండా తెలిసేది. ఆదివారం నీతో మాట్లాడితే వారమంతా నేను చెవులున్నవాడిలాగే తిరిగేవాణ్ణి.

మొన్న నీ నోటికి కొంగు అడ్డం. కొంగు జారినప్పుడు చూస్తే పెదాలు లోపలికి పోయాయి. నువ్వు చెప్పుకుపోతున్నావు, నాకు ఒక్కటీ అందలేదు. ఇక ఈ లోకంలో నాతో మాట్లాడేవాళ్ళు లేరు అనిపించింది. ఏడుపొచ్చింది. మీ వదిన ముందు ఏడవలేక పెరట్లోకి పోయాను. జరిగింది అంతే.

దవడలో స్క్రూ దింపి దానిమీద పన్ను బిగిస్తారట, స్వాతి మెసేజ్ పెట్టింది. నువ్వు భయపడి ఒప్పుకోవడం లేదని కూడా పెట్టింది. మా వీధిలో ఆదినారాయణ మాస్టారు విశాఖలో వేయించుకున్నాడు. మా అరుగు మీద కూర్చుని నా ఎదురుగా చెరుకు ముక్క కొరికి చూపించాడు, ఆయన గొప్పలు భరించలేకపోతున్నాను. నువ్వు వేయించుకో. నీ అందం కోసం కాదు, నా కోసం వేయించుకో. నాకు నీ మాట కావాలి.

ఉంటాను.
సూర్యం

*

బిలాస్‌పూర్,
6 ఆగస్టు 2023

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి ఏడ్చి, ఆ ఏడుపు మొహంతోనే స్వాతితో "పద" అన్నాను. అది ఆఫీసుకి సెలవు పెట్టింది.

వ్యాపార్ విహార్ దగ్గర కొత్తగా ఆస్పత్రి తెరిచిన డాక్టరమ్మ. పుణె నుంచి వచ్చిందట, చిన్నపిల్ల. "ఆంటీజీ" అంటూ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. దవడంతా స్కాన్ తీసి తెరమీద చూపించింది. పై దవడ పర్వాలేదట, కింద ఎముక కొంచెం తరిగిందట. కిందివి ముందు వేసి, అవి కుదురుకున్నాక పైవి వేస్తానంది. నన్ను చాలా అడిగింది. షుగరుందా? లేదు. బీపీ? మాత్ర వేసుకుంటున్నాను. బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీ అలవాటుందా? "ఏటి డాక్టరమ్మా, నన్ను చూస్తే అలాటిదాన్లా కనిపిస్తన్నానా?" అని ఉక్రోషంలో తెలుగులోనే అనేశాను. స్వాతి తర్జుమా చేస్తే నవ్వి, ఏదో రాసుకుంది.

పోయిన గురువారం స్క్రూలు దింపారు. మత్తు సూది పొడిచినప్పుడు తప్ప నొప్పి తెలియలేదు. పని మాత్రం మన గ్యాంగ్‌మన్‌లు పట్టాల కింద స్లీపరుకి బోల్టు బిగించినట్టే ఉంది, తలంతా అదిరింది. ఇప్పుడు ఎముక ఆ స్క్రూని పట్టుకుని తనలో కలుపుకోవాలట. దానికి అయిదారు నెలలు పడుతుందట. ఆ తర్వాతే, జనవరికి, స్క్రూల మీద పళ్ళు.

నోరు శుభ్రంగా ఉంచుకోమని మరీమరీ చెప్పింది. ఏదో మెత్తని బ్రష్షిచ్చింది గానీ నాకు దానితో తృప్తి లేదు. మన గుడాఖు ఉండగా బ్రష్షెందుకు? పొద్దున్న లేవగానే, భోజనమయ్యాక, సాయంత్రం టీ అయ్యాక, మళ్ళీ పడుకోబోయే ముందు వేలితో చిగుళ్ళకీ స్క్రూల చుట్టూ బాగా పట్టించి గుమ్మంలో కూర్చుంటున్నాను. తల తేలికై, నొప్పి కూడా మందగిస్తుంది. అమ్మ పళ్ళు తోముకున్న మంజనే కదా, ఇంతకన్నా శుభ్రం ఏముంటుంది?

వానలు జోరందుకున్నాయి. క్వార్టర్ వంటింట్లో కారుతోంది. స్వాతి కంప్లయింట్ రాసింది, వాళ్ళొచ్చేసరికి వానలే వెళ్ళిపోతాయి.

నీ చెల్లెలు

*

పార్వతీపురం,
27 ఆగస్టు 2023

చిన్నతల్లీ,

శభాష్. స్క్రూ దిగిందంటే సగం పని అయిపోయినట్టే. బిగించిన నట్టుని ఊరికే కెలక్కూడదు, నాలుకతో తడుముతూ కూర్చోకు. నీ సంగతి నాకు తెలుసు.

నోరు శుభ్రంగా పెట్టుకుంటున్నావు, చాలా మంచిపని. గుడాఖు సంగతి చదవగానే అమ్మ గుర్తొచ్చింది. పొద్దున్నే గుమ్మంలో గొంతుక్కూర్చుని వేలు నోట్లో పెట్టుకుని, ఎవరైనా పలకరిస్తే "ఉఁ" అనేది గానీ వేలు తీసేది కాదు. ఆ డబ్బా ఇక్కడ దొరకదు, పేరు చెబితే ఎవరికీ తెలియదు. ఇక్కడి ముసలమ్మలకి వేరే పిచ్చి. చుట్ట అంటించి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు! మా పక్కింటి చిట్టెమ్మగారికి అంగిలంతా తెల్లబడి, విశాఖ పెద్దాస్పత్రి చుట్టూ తిరుగుతోంది. పొగాకు మహా పాపిష్టిది. మనింట్లో ఆడవాళ్ళెవరికీ ఆ దరిద్రం అంటలేదని మీ వదినతో గొప్పగా చెప్పుకున్నాను.

జనవరికి పళ్ళొస్తాయి కదా. ఫోను స్టాండు కొన్నాను, నీ మొహం కదలకుండా కనిపించాలని.

సూర్యం

*

బిలాస్‌పూర్,
29 అక్టోబర్ 2023

అన్నయ్యా,

దసరా బాగా జరిగింది. కాలనీ పందిట్లో మనవాళ్ళందరూ కనిపించారు. నేను ఎవరితోనూ మాట్లాడకుండా తలూపుతూ తిరిగాను. "చిన్నతల్లికి గర్వమొచ్చింది" అనుకుని ఉంటారు. అనుకోనీ, జనవరి తర్వాత వాళ్ళకి జవాబు చెప్తాను.

స్క్రూల దగ్గర కొంచెం సలుపుగా ఉంది. ఒకటి కదులుతున్నట్టు కూడా అనిపిస్తోంది, ఎముక పట్టుకునేటప్పుడు అలాగే ఉంటుంది కాబోలు. కింది పెదవి లోపల బియ్యపుగింజంత తెల్లమచ్చ లేచింది. కొత్త స్క్రూ కదా, ఒరుసుకుని ఉంటుంది. గుడాఖు ఇంకోసారి ఎక్కువ పట్టిస్తున్నాను. స్వాతి డాక్టరు దగ్గరికి పోదామంటుంది. రమ్మన్నప్పుడు వెళ్తాం గానీ, ఊరికే వెళ్ళి ఆ పిల్లని విసిగించడమెందుకు?

నీకు చెప్పాల్సినవి బోలెడున్నాయి. ఉత్తరంలో రాస్తే రుచి ఉండదు. పక్క క్వార్టర్ రాజేంద్ర రిటైర్మెంట్ సభలో మైకు పట్టుకుని ఏడవడం, ఆ తర్వాత జరిగిన గొడవ, అవన్నీ నా నోటితో నేనే చెప్పాలి. దాచి ఉంచుతున్నాను.

నీ చెల్లెలు

*

పార్వతీపురం,
28 జనవరి 2024

మహారాజశ్రీ చిన్నతల్లిగారికి,

పళ్ళొచ్చిన సంబరంలో అన్నయ్య గుర్తులేడన్నమాట. సంక్రాంతి వెళ్ళిపోయింది, ఉత్తరం లేదు. వీడియో చేస్తే స్వాతి ఎత్తి, నువ్వు పడుకున్నావని చెయ్యి తలకింద పెట్టి చూపించింది. పట్టపగలు పదకొండు గంటలకి! నాకు వినబడకపోవచ్చు గానీ, ఆ పిల్ల మొహం చూసి అబద్ధమని పట్టుకోగలను.

కాలనీ అంతా తిరిగి జవాబులు చెప్తున్నావేమో. బుధవారీ బజార్లో కూరగాయలావిడ నోరు మూయించావా? చెప్పు, చెప్పు. అందరికీ చెప్పాక మిగిలింది నాకు పెట్టు.

స్టాండుకి దుమ్ము పడుతోంది. మీ వదిన దానిమీద మసిగుడ్డ ఆరేసింది. నాకు నిజంగా కోపంగా ఉంది, చిన్నతల్లీ.

సూర్యం

*

బిలాస్‌పూర్,
9 ఫిబ్రవరి 2024

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి స్వాతి నా చేతికివ్వకుండా రెండు రోజులు దాచింది. తప్పు నీది కాదు. నీకేమీ రాయలేదు కదా నేను. ఇప్పుడు అంతా రాస్తాను, కూర్చుని చదువు.

సంక్రాంతికి ముందు డాక్టరమ్మ రమ్మంది. పళ్ళు బిగిస్తుందనుకుని పసుపురంగు కోటా చీర కట్టుకుని వెళ్ళాను. నోరు తెరిచి చూసింది. దీపం దగ్గరికి లాక్కుని మళ్ళీ చూసింది. వేలితో ముట్టుకోగానే ఒక స్క్రూ ఊగింది. చిగురంతా గోధుమరంగుకి తిరిగి, ఎముక వదిలేసిందట. "ఆంటీజీ, మీరు నోటికి ఏం రాస్తున్నారు?" అంది.

నేను ఎంత వెర్రిదాన్నో విను. ఆ ప్రశ్నకి సంతోషించాను. చేతిసంచీలోంచి డబ్బా తీసి మూత తెరిచి ఆమె చేతిలో పెట్టాను. "మంజన్. రోజూ పట్టిస్తున్నాను, ఒక్క పూట కూడా మానలేదు" అన్నాను. మెచ్చుకుంటుందని చూస్తున్నాను. ఆ పిల్ల డబ్బా వాసన చూసి, కుర్చీలో వెనక్కి పడి కూర్చుంది. కళ్ళనిండా నీళ్ళు. "ఆంటీజీ, ఇది తంబాకూ" అంది.

పొగాకూ, బెల్లం మడ్డీ, సున్నం కలిపి నూరితే గుడాఖట. ఎముక స్క్రూని పట్టుకోనివ్వకుండా చేసింది అదేనట. అసలు పళ్ళు రాలగొట్టింది కూడా అదేనట. డబ్బా మీద పుండుపడ్డ నోటి బొమ్మ ఉంటుంది, చూడకపోలేదు. సర్కారువాళ్ళు అన్నిటికీ అంటించే బొమ్మ అనుకున్నాను. పళ్ళు తోముకునేదాన్ని పొగాకని ఎవరనుకుంటారు? అమ్మ వాడింది, అత్తగారు వాడింది, ఇక్కడ మన ఆడవాళ్ళు సగం మంది వాడుతున్నారు. డాక్టరమ్మ బీడీ అడిగింది, ఖైనీ అడిగింది. ఆమెది వేరే ఊరు, దీన్ని అడగాలని తెలియదు. నాకు చెప్పాలని తెలియదు. స్వాతికి తెలుసట! "ఏటమ్మా, నీకు తెలుసనుకున్నాను. డాక్టరుకి చెప్పీసే వాడుతన్నావనుకున్నాను" అని గోడకి తల ఆనించి ఏడ్చింది. ఒకళ్ళకి తెలుసని ఒకళ్ళం అనుకుంటూ కూర్చున్నాం.

స్క్రూలు తీసేశారు. ఇంకొక మాట ఉంది. ఆ తెల్లమచ్చ ఇప్పుడు గింజంత లేదు. ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు ఇంకా రాలేదు.

నువ్వు రావద్దు. వదిన నడుంనొప్పితో ఉంది. నాకేం పర్వాలేదు, తింటున్నాను, తిరుగుతున్నాను.

చిన్నతల్లి

*

పార్వతీపురం,
17 ఫిబ్రవరి 2024

చిన్నతల్లీ,

ఏం రాయను? నీ ఉత్తరం పట్టుకుని పెరట్లో కూర్చున్నాను, మీ వదిన వచ్చి భుజం కుదిపేదాకా లేవలేదు.

చిట్టెమ్మగారి అంగిలి గురించి నీకు రాశాను. అదే కాగితం మీద, దానికి కాస్త పైనే, గుడాఖు మంచిపని అని మెచ్చుకున్నాను. నా చేత్తోనే రాశాను. ఇంజనులో ఏ పైపు ఎక్కడ కారుతుందో వాసన చూసి చెప్పేవాణ్ణని షెడ్డులో నాకు పేరు. అమ్మ పక్కన కూర్చుని అన్నేళ్ళు ఆ వాసన పీల్చి కూడా పొగాకని గుర్తుపట్టలేదు. నాకు అది అమ్మ వాసన.

జనవరిలో ఏదేదో వాగాను. అదంతా చింపి పారెయ్యి.

రావద్దన్నావు కాబట్టి ఆగుతున్నాను. రిపోర్టు రాగానే స్వాతిని నాకు మెసేజ్ పెట్టమను. నాకు తెలియకుండా మాత్రం ఏమీ దాచొద్దు. వినబడనివాడి దగ్గర దాచడం చాలా సులువు, తల్లీ. అందరూ చేస్తారు. నువ్వు చెయ్యకు.

సూర్యం

*

బిలాస్‌పూర్,
3 మార్చి 2024

అన్నయ్యా,

స్వాతి మెసేజ్ పెడతానంది. వద్దని నేనే రాస్తున్నాను. రిపోర్టు వచ్చింది. క్యాన్సరే. తొందరగానే దొరికిందని, మెడలోకి పాకలేదని రాయపూర్ డాక్టర్లు చెప్పారు. కింది పెదవి లోపలివైపు కొంత, దవడ అంచు కొంత తీసేస్తారు. తొడమీద చర్మం తెచ్చి కుడతారట. ఈ నెల పద్దెనిమిదిన ఆపరేషను.

బతుకుతానని అందరూ అంటున్నారు, నేనూ అలాగే అనుకుంటున్నాను. పళ్ళ మాట మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. పుణె పిల్ల రాయపూర్ దాకా మాతో వచ్చింది. నేనే అడిగాను, మళ్ళీ ఎప్పుడైనా స్క్రూలు వేస్తారా అని. "ముందు ఇది మానాలి ఆంటీజీ, ఆ తర్వాత చూద్దాం" అని నా చెయ్యి నిమిరింది. పెదవి ఎలా ఉంటుందో, మాట ఎలా వస్తుందో ముందే చెప్పలేరట.

గుడాఖు మానేశాను. మానడమంటే ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. తల పగిలిపోతుంది, చెయ్యి దానంతటదే డబ్బా పెట్టే గూట్లోకి వెళ్తుంది. స్వాతి మీద ఊరికే అరుస్తున్నాను. మొన్న పక్కింటావిడ నా అవస్థ చూసి జాలిపడి తన డబ్బా తెచ్చి "ఒక్క వేలు" అంది. తీసుకోలేదు. ఆమెకి కూర్చోబెట్టి చెప్పాను గానీ, నా మాట ఆమెకి ఎంతవరకు అందిందో తెలియదు.

ఆపరేషను తర్వాత నా పెదాలు నావిగా ఉండవు. కాబట్టి వచ్చే ఆదివారం వీడియో చేస్తాను. కొంగు అడ్డం పెట్టను. ఉన్న నోటితోనే నెమ్మదిగా మాట్లాడతాను. నీకు అందినంత అందుతుంది.

ధైర్యంగానే ఉన్నాను. నువ్వూ ఉండు.

నీ చెల్లెలు

*

పార్వతీపురం,
10 మార్చి 2024, ఆదివారం

చిన్నతల్లీ,

నీ కాల్ అయి గంట కాలేదు. వెంటనే రాస్తున్నాను.

నిజం చెప్తున్నాను, చాలావరకు అందలేదు. మొదట డాక్టర్ల గురించి ఏదో చెప్పావు, నాకు "రాయపూర్" ఒక్కటే తెలిసింది. తర్వాత నవ్వుతూ చాలాసేపు చెప్పావు. రాజేంద్ర సభ గొడవ అనుకుంటాను. నువ్వు నవ్వుతున్నావని నేనూ నవ్వాను, నన్ను క్షమించు. స్వాతి గురించి ఏదో అన్నావు, అదీ పోయింది. నేను తలూపుతూనే ఉన్నాను. వినబడనివాళ్ళందరం చేసే దొంగపని అది.

చివర్లో స్వాతి లేచి లోపలికెళ్ళింది. నువ్వు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఫోను దగ్గరగా పెట్టుకున్నావు. అప్పుడన్న మాట నాకు పూర్తిగా తెలిసింది. "భయమేస్తోంది అన్నయ్యా" అన్నావు. దానికి నేను తలూపలేదు, నువ్వు చూశావో లేదో.

మీ వదినకి చెప్పాను. నడుం పట్టుకునే లేచి నా సంచీ సర్దుతోంది. తన చెల్లెలి కూతురు పది రోజులు తోడుంటుందట. రాత్రికి మీ ఊరి మీదుగా కోర్బా వెళ్ళే బండికి వస్తున్నాను. రిజర్వేషను లేదు, రైల్వేవాడికి కూర్చునే చోటు దొరక్కపోదు. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను, జేబులో పెట్టుకుని నేనే తెస్తాను. నా నోటితో చెప్పబోతే నీ ముందు ఏడుస్తాను, అందుకని రాశాను. నా ఎదురుగానే చదువుకో.

ఆపరేషను తర్వాత నీ నోరు వేరేగా ఉంటుందన్నావు. ఉండనీ. నేనూ అక్కడే ఉండగా, నా చెవులు పోయిన కొత్తలో నేను ఇంట్లోంచి బయటికి రాకుండా కూర్చుంటే, నువ్వే రోజూ డ్యూటీ టైముకి వచ్చినట్టు వచ్చి నా ముందు పీట వేసుకుని కూర్చునేదానివి. గొంతు తియ్యకుండా ఒక్కొక్క మాటా పెదాలతో అనేదానివి. నేను పట్టుకోలేక విసుక్కుని పళ్ళెం విసిరేసినా, పళ్ళెం తెచ్చి పక్కన పెట్టి మళ్ళీ అదే మాట అనేదానివి. అలా నేర్చుకున్నాను నీ నోరు. పుట్టుకతో వచ్చింది కాదు. కుట్లు మానాక నీకు ఏ పెదవి మిగిలితే ఆ పెదవినే మొదటినుంచి నేర్చుకుంటాను. నాకు వేరే పనేముంది? అర్థమయ్యేదాకా అడుగుతాను, నువ్వు విసుక్కున్నా అడుగుతాను. మళ్ళీ తలూపి తప్పించుకోను.

మీ అన్నయ్య
సూర్యం